చేతులకి చోటేదీ?

పడక విషయంలో మన పెద్దలు పెట్టని నియమం లేదు. ఉత్తరం వైపు తల పెట్టకూడదు. తూర్పో దక్షిణమో అయితే మంచిది. గడపకి అడ్డంగా పడుకోకూడదు. సంధ్యవేళ నడుం వాల్చకూడదు. అన్నం తిన్నాక ఎడం పక్కకి తిరిగి పడుకుంటే అరుగుతుంది. పొద్దున్న లేచేటప్పుడు కుడి పక్కకి ఒత్తిగిలి లేవాలి, లేవగానే అరచేతులు చూసుకోవాలి. ఇంత చెప్పినవాళ్ళు, రాత్రంతా ఆ అరచేతుల్ని ఎక్కడ పెట్టుకుని పడుకోవాలో మాత్రం చెప్పలేదు. చెప్పిన ఒక్క మాటలోనూ తిరకాసుంది. దిగుల్లేనివాణ్ణి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపొమ్మంటాం. పిల్లవాడు నిజంగానే అలా పడుకుంటే, పీడకలలొస్తాయిరా అంటూ ఆ చెయ్యి తీసి పక్కన పెడతాం.

మంచం మీద తలకి తలగడ ఉంది. నడుముకి పరుపు ఉంది. కాళ్ళు చాపుకోవడానికి ఆ చివర జాగా ఉంది. పగలంతా అన్ని పనులూ చేసిన చేతులకే ఏ ఏర్పాటూ లేదు. వెల్లకిలా పడుకుంటే కాసేపు ఒంటికి అటూ ఇటూ ఉంటాయి. పక్కకి తిరిగామా, ఒక చెయ్యి మన కిందే పడిపోతుంది, రెండోది ఎక్కడ వాలాలో తెలియక పొట్ట మీదా, తొడ మీదా, పక్కవాళ్ళ మొహం మీదా తిరుగుతుంది. బోర్లా తిరిగితే రెండూ తలగడ కిందకి దూరతాయి. క్యాలెండరు బొమ్మల్లో శేషతల్పం మీద పవళించిన విష్ణుమూర్తికి నాలుగు చేతులు. ఆయన ఎలా సర్దుకుంటున్నాడో గానీ మనకి రెండింటికే చోటు దొరకడం లేదు.

అందుకే ఏ రెండు గంటలకో మెలకువ వస్తుంది. భుజం నుంచి కిందకి ఏదో బరువు వేలాడుతూ ఉంటుంది. కదపబోతే కదలదు. రెండో చేత్తో తడిమితే ఎవరిదో చెయ్యి, వెచ్చగా, మెత్తగా తగులుతుంది. పట్టుకుని ఎత్తి పొట్ట మీద పెట్టుకుంటే అక్కడ కూడా పరాయిదానిలాగే పడుంటుంది. మనసు తిన్నగా ఉండదు కదా, వరసగా లెక్కలు వేస్తుంది: పక్షవాతమా, గుండెపోటా, మొన్న ఫలానాయనకి ఇలాగే మొదలైందట కదా. ఈ ఆలోచనలు సాగుతుండగానే మోచేతి దగ్గరెక్కడో చీమలు బయల్దేరతాయి. వేళ్ళ కొసల దాకా బారులు తీరి పాకుతాయి. ఇంకాసేపటికి చెయ్యి మనదవుతుంది. అది మనదే అని నమ్మడానికి ఇంతకాలం మనకి ఆధారం కళ్ళు కాదు, ఆ చేతి నుంచి క్షణక్షణం పైకి చేరే కబుర్లే అని అప్పుడు తెలుస్తుంది. చీకట్లో ఆ కబురు ఆగితే మన చెయ్యే మనకి పక్కలో దూరిన దొంగ.

దీనికి మన ఇళ్ళలో చెప్పే కారణం ఒక్కటే. "రక్తం ఆగిపోయింది, విదిలించు." విదిలించడం మంచిదే. కారణమే సగం నిజం. ఈసారి చెయ్యి మొద్దుబారినప్పుడు మణికట్టు దగ్గర వేలు పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడ కొట్టుకోవలసింది కొట్టుకుంటూనే ఉంటుంది. చెయ్యి నల్లబడదు, చల్లబడదు. నొక్కుకుపోయింది నరం. ఆ నరానికి కూడా తిండి పెట్టే సన్నని రక్తనాళాలు ఉంటాయి, ఒత్తిడికి అవి మూసుకుపోతాయి. రక్తం ఆగిందనే మాట అంతవరకే చెల్లుతుంది. చేతికి రక్తం అందుతూనే ఉంటుంది, నరంలో నలిగిన ఆ కాస్త ముక్కకే అందదు.

ఇది తేల్చినవాళ్ళలో ముఖ్యుడు లండన్‌లో పనిచేసిన థామస్ లూయిస్. 1931లో ఆయనా, పికరింగ్, రోత్‌షిల్డ్ అనే ఇద్దరు సహచరులూ బీపీ చూసే పట్టీ లాంటిది జబ్బకి చుట్టి, గాలి నింపి, అలాగే ఉంచి చూశారు. పావుగంట ప్రాంతంలో వేళ్ళ కొసల దగ్గర స్పర్శ మందగించడం మొదలై మెల్లిగా పైకి పాకింది. పట్టీ వదిలాక చీమలు పాకాయి. కింద చెయ్యంతా రక్తం లేక పడి ఉండడం కన్నా, పట్టీ కింద ఉన్న నరం ముక్కకి రక్తం అందకపోవడమే ఇందులో అసలు సంగతి అని వాళ్ళు చూపించారు. ఆ చీమలు కూడా జబ్బు ముదురుతోందన్న గుర్తు కాదు. ఒత్తిడి తీరి రక్తం తిరిగి అందిన నరపు పోగులు కాసేపు తీరూ తెన్నూ లేకుండా కబుర్లు పంపుతాయి. ఏ చీమా లేకుండానే మెదడుకి చీమలు కనిపిస్తాయి.

ఇందులో ఒక వరస కూడా ఉంది. నలిగినప్పుడు ముందుగా మూగబోయేవి స్పర్శనీ, చెయ్యి ఎక్కడుందో ఆ జాడనీ మోసే లావుపాటి పోగులు. నొప్పినీ వేడినీ మోసే సన్నపాటివి చివరిదాకా పట్టుకుని ఉంటాయి. అందుకే మొద్దుబారిన చేతి మీద దూది తాకితే తెలియదు గానీ గట్టిగా గిల్లితే ఆలస్యంగానైనా బాధ తెలుస్తుంది. ఇది చదివినప్పుడు నాకు కర్ణుడు గుర్తొచ్చాడు. పరశురాముడు తొడ మీద తల పెట్టుకుని నిద్రపోతుంటే కీటకం వచ్చి ఆ తొడని తొలిచింది, కర్ణుడు కదల్లేదు. పెద్ద మనిషి తలంటే నాలుగైదు కిలోలు. అంతసేపు మోస్తే కాలు తిమ్మిరెక్కే ఉంటుంది, కాబట్టి పాపం ఆయన ఓర్పులో కొంత తిమ్మిరి వాటా తీసెయ్యొచ్చేమో అనుకున్నాను. కుదరదు. ముందు పోయేది స్పర్శ, నొప్పి కాదు. కర్ణుడి ఖాతాలోంచి తగ్గించడానికేమీ లేదు.

జబ్బ నుంచి అరచేతి దాకా దిగే ముఖ్యమైన నరాలు మూడు. మూడూ మెడలో పుట్టి, కాలరు ఎముక కింద నుంచి చంక గుండా చేతిలోకి వస్తాయి. తలగడ మీద మెడ వంకర పెట్టినా, చెయ్యి తల మీదుగా పైకి చాపినా పై దారిలోనే పట్టు పడొచ్చు. ఇక్కడొక వింత ఉంది. మెడ ఎముకల అరుగుదల వల్ల నరం నొక్కుకునే కొందరికి చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంటే హాయి. కాలరు ఎముకకీ పక్కటెముకకీ మధ్య ఇరుకైన వాళ్ళకి అదే పని చేస్తే బాధ పెరుగుతుంది. కాబట్టి ఒకరికి కుదిరిన భంగిమ చూసి ఇంకొకరు నేర్చుకోవడం దండగ.

అల్నార్ అనే నరం మోచేతి వెనక, లోపలి వైపు, ఎముకకీ చర్మానికీ మధ్య దాదాపు బయటపడి ఉంటుంది. తలుపు చెక్కకి మోచెయ్యి తగిలి షాక్ కొట్టిందంటామే, కొట్టింది దాన్నే. మోచెయ్యి ఎంత మడిస్తే అది అంత సాగుతుంది, దాని దారి అంత ఇరుకవుతుంది. రెండు చేతులూ మడిచి గడ్డం కింద పెట్టుకుని ముడుచుకు పడుకునేవాళ్ళకి చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో దాని పక్క సగమూ తిమ్మిరెక్కేది ఇందుకే. గుండెల మీద చెయ్యేసుకుని పడుకునే నిశ్చింతాపరులూ ఇదే కోవ. పడుకుని గంటలు గంటలు మొహం ముందు ఫోను పట్టుకునే అలవాటు వచ్చాక ఈ నరానికి పగలూ రాత్రీ తేడా లేకుండా పోయింది.

మీడియన్ అనే నరం మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగంలోంచి అరచేతిలోకి వస్తుంది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ, ఆ సందులో వేళ్ళని ఆడించే తొమ్మిది కండర తాళ్ళు, వాటితో పాటు ఈ నరం. సంక్రాంతికి విజయవాడ వెళ్ళే బస్సులో నిలబడ్డవాడి పరిస్థితి. ఎక్కడ ఏ కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది ఇదే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మిగిలిన సగం దీని ఇలాకా. నిద్రలో మనకి తెలియకుండా మణికట్టు లోపలికి ముడుచుకుపోతుంది. దానివల్ల ఏమవుతుందో 1981లో గెల్బర్మన్ బృందం సొరంగంలోకి సన్నని గొట్టం పంపి కొలిచింది. మణికట్టు తిన్నగా ఉంటే ఆరోగ్యవంతుల్లో ఒత్తిడి సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, అక్కడ ఈ నరం నలిగే జబ్బున్నవాళ్ళలో 32. మణికట్టు మడిచాక మొదటివాళ్ళలో 31కి, రెండోవాళ్ళలో 94కి పెరిగింది. అంటే ఏ జబ్బూ లేని మనిషి కూడా మణికట్టు మడిచి పడుకుంటే, మడిచినంతసేపూ దాదాపు రోగితో సమానం.

మా పెద్దమ్మ అర్ధరాత్రి లేచి మంచం మీద కూర్చుని, తడి చేతుల్ని దులుపుకున్నట్టు రెండు చేతులూ విదిలించుకునేది. పగలంతా రుబ్బురోలు, రోకలి, బట్టలు పిండడం. వయసు మీద పడింది, నరాల బలహీనత అని ఆవిడే తీర్మానించుకుని బలం మాత్రలు మింగేది. చివరికి బలవంతాన తీసుకెళితే ఒక డాక్టరమ్మ పావుగంట సేపు ప్రశ్నలే వేసింది.

"ఏ వేళ్ళమ్మా తిమ్మిరి?"

"అన్నీనమ్మా. చెయ్యంతా."

"చిటికెన వేలు కూడానా?"

పెద్దమ్మ తన చేతి వంక కొత్తగా చూసుకుంది. "ఏమో డాక్టరమ్మా, చీకట్లో ఎవరు లెక్కపెట్టారు?"

"ఇవాళ లెక్కపెట్టండి. లేవగానే ఏం చేస్తారు?"

పెద్దమ్మ చేసి చూపించింది. డాక్టరమ్మ తల ఊపింది. ఆ విదిలింపే సగం పరీక్షట. తరువాత రెండు చేతుల వెనక వైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందకి ఉంచి ఒక నిమిషం పట్టుకోమంది. నమస్కారాన్ని తలకిందులు చేసినట్టుంది. అది అమెరికాలో జార్జ్ ఫాలెన్ అనే ఎముకల వైద్యుడు వాడుకలోకి తెచ్చిన పరీక్ష. నిమిషం నిండకుండానే పెద్దమ్మకి చీమలు పాకాయి. మర్నాడు ఫోన్ చేసి చిటికెన వేలికి ఏమీ లేదమ్మా అని గర్వంగా చెప్పింది. షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశారు. థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. దానికి మాత్ర, రాత్రిపూట మణికట్టు మడవకుండా ఉంచే పట్టీ. మొదట్లో "పెళ్ళికూతురికి గాజుల్లాగా ఇదేమిటే" అని సణిగింది, తరువాత అది లేనిదే పక్క ఎక్కేది కాదు.

పెద్దమ్మ లాంటి ఆడవాళ్ళ మాట వైద్యం సరిగ్గా వినడానికి చాలాకాలం పట్టింది. ఎముక విరిగిన మణికట్టు దగ్గర ఈ మీడియన్ నరం నలగడాన్ని జేమ్స్ పేజెట్ 1854లోనే రాశాడు. కానీ దెబ్బ ఏదీ తగలకుండా రాత్రిళ్ళు చేతులు తిమ్మిరెక్కి లేచే నడివయసు స్త్రీల సంగతికొస్తే, తప్పంతా మెడా భుజాల దగ్గర వెతికారు. 1947లో రస్సెల్ బ్రెయిన్, ఇద్దరు సహచరులతో కలిసి, చూడవలసింది మణికట్టు అని లాన్సెట్ పత్రికలో రాశాడు. నరాల వైద్యుడికి బ్రెయిన్ అన్నది ఇంటిపేరు కావడం యాదృచ్ఛికమే. తరువాత ఆయన సంపాదకత్వం వహించిన పత్రిక పేరు కూడా అదే. గర్భిణులకీ, షుగరు ఉన్నవాళ్ళకీ, థైరాయిడ్ మందగించినవాళ్ళకీ, చేత్తో ఒకే పని గట్టిగా పదేపదే చేసేవాళ్ళకీ ఈ బాధ ఎక్కువ. ఇంటి చాకిరీ ఏ జాబితాలోనూ పని కింద రాయరు కాబట్టి అది నేను రాస్తున్నాను.

మూడోది రేడియల్. ఇది జబ్బ ఎముక వెనక చుట్టుకుని దిగుతుంది. నులక మంచం మీద పడుకున్నవాళ్ళకి ఇది పరిచయమే. డాబా మీద వేసవి గాలికి ఒళ్ళెరగకుండా నిద్రపోతూ చెయ్యి పట్టె మీదుగా కిందకి వేలాడేస్తే, కర్ర సరిగ్గా అక్కడ ఒత్తుతుంది. మామూలుగా ఏదో ఒక వేళకి దొర్లి బయటపడతాం. బాగా తాగి, కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసి కునుకు పట్టినవాడు దొర్లడు. తెల్లారి లేచేసరికి మణికట్టు పైకి లేవదు, చెయ్యి వాడిపోయిన ఆకులా కిందకి వాలిపోతుంది. ఇంగ్లీషు డాక్టర్లు దీనికి శనివారం రాత్రి పక్షవాతం అని పేరు పెట్టారు. వారాల్లోనో నెలల్లోనో చాలావరకు కోలుకుంటుంది. పక్కనున్న మనిషి తలకి రాత్రంతా జబ్బని తలగడగా ఇచ్చినవాళ్ళకి వచ్చేదానికి హనీమూన్ పక్షవాతం అని పేరు. చంటిపిల్లల తల్లులకి ఏ పేరూ పెట్టలేదు. వాళ్ళ చెయ్యి రోజూ పోతుంది, లాగితే పిల్లవాడు లేస్తాడని అలాగే ఉంచుకుంటారు.

తాగినవాడు ఎందుకు దొర్లడన్న ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నిద్రకి సుఖం తెలియదు గానీ అసౌకర్యం తెలుస్తుంది. ఎక్కడ ఒత్తిడి పెరిగినా మనల్ని లేపకుండానే ఒళ్ళు పక్కకి ఒత్తిగిలుతుంది, రాత్రిలో ఎన్నోసార్లు. మద్యం, నిద్రమాత్రలు ఆ కాపలాని నిద్రపుచ్చుతాయి. కలలు కనే నిద్ర కూడా కొంతవరకు అంతే. ఆ వేళ ఒంట్లో కండరాలు దాదాపు పూర్తిగా సడలిపోతాయని 1959లో ఫ్రాన్సులోని లియాన్‌లో మిషెల్ జూవే పిల్లుల మీద పరిశోధించి చూపించాడు. కలలో ఎన్ని గోడలు దూకినా పక్క మీద చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. దాని కింద నరం ఉంటే నలుగుతుంది.

మరి ఎలా పడుకోవాలి? చేతుల్ని అడిగితే వెల్లకిలా అంటాయి, మోచేతులు కాస్త సడలించి, మణికట్లు తిన్నగా. గొంతు ఒప్పుకోదు, గురక పెడుతుంది. గురకకి డాక్టరు పక్కకి తిరగమంటాడు. నిండు గర్భిణికి ఎడం పక్కకి తిరగమంటారు, మణికట్టులో నీరు చేరేది కూడా ఆ నెలల్లోనే. పక్కకి తిరిగినవాళ్ళ చెయ్యి ఎక్కడికి పోతుందో శిల్పులు ఎప్పుడో గమనించారు. అజంతా 26వ గుహలో మహాపరినిర్వాణ బుద్ధుడు కుడి పక్కకి ఒరిగి ఉంటాడు, కుడి అరచెయ్యి బుగ్గ కింద. మనలాంటివాళ్ళకి నే చెప్పగలిగేది, కింది భుజాన్ని ఒంటి కింద నలగనివ్వకుండా కాస్త ముందుకి లాక్కుని, పై చేతికి ఒక తలగడ కౌగిలించుకోవడానికి ఇవ్వడం. మోచెయ్యి మడిచే అలవాటు మానకపోతే దానికి వదులుగా తువ్వాలు చుట్టుకుని పడుకోవడం. బోర్లా పడుకోవడమైతే మానడమే. మెడ ఒక పక్కకి మెలిపడి, చేతులు తల కిందకి చేరి, మూడు నరాలకీ ఒకేసారి కష్టం.

ఒక్క హెచ్చరిక చెయ్యకపోతే తప్పవుతుంది. భంగిమ వల్ల వచ్చిన తిమ్మిరి, భంగిమ మార్చాక కొద్ది నిమిషాల్లో పోతుంది. చేతితో పాటు మూతి వంకరపోయినా, మాట ముద్దయినా, ఒక పక్క కాలు కూడా పట్టు తప్పినా, గుండె బరువెక్కి చెమటలు పట్టినా అది నిద్ర భంగిమ సంగతి కాదు, విదిలించుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి. మెదడులో రక్తం గడ్డ కట్టినప్పుడు దాన్ని కరిగించే మందుకి గడువు సాధారణంగా నాలుగున్నర గంటలు. అది కాక, రోజూ తిమ్మిరి వస్తున్నా, పగలు కూడా ఉంటున్నా, చేతిలోంచి గ్లాసు జారుతున్నా, బొటనవేలి మొదట్లో కండ పలచబడుతున్నా ఇక ఆలస్యం చెయ్యకూడదు. ఎక్కువకాలం నలిగిన నరం ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు.

కాబట్టి ఈసారి మెలకువ వచ్చినప్పుడు దీపం వేసి ఒక్క నిమిషం చెయ్యి చూసుకోండి. ఏ వేళ్ళు మొద్దుబారాయి, చిటికెన వేలు ఉందా లేదా, మడిచి ఉన్నది మోచెయ్యా మణికట్టా, ఎంతసేపటికి తగ్గింది, ఇవన్నీ పొద్దున్నే ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గర "చెయ్యంతా తిమ్మిరండీ" అనకండి. ఆ కాగితం ఇవ్వండి.